మాడిన బిళ్ళ

నాది ముక్కు మీద కోపం. మా వీధిలో ఎవరినడిగినా చెబుతారు. బండిని స్టార్ట్ చేసే సెల్ఫ్ మోటార్లు బాగుచేయడం నా పని. "సెల్ఫ్ పోయింది, కొత్త మోటారు పడేయండి" అంటూ వచ్చేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. పోయిందో ఉందో చెప్పాల్సింది నేను కదా. తాళం తిప్పినప్పుడు ఏం వినిపించిందో చెప్పండి చాలు అంటాను. తెల్లమొహం వేస్తారు. బండి నోరు విప్పి చెబుతుంటే వీళ్ళు చెవులు ఇంట్లో పెట్టి వస్తారు.

నా దుకాణానికి చెవులతో సహా వచ్చిన మనిషి ఒక్కతే, మా అక్క కూతురు. దాని అసలు పేరు ఎవరికీ పట్టలేదు. నేను పెట్టిన మిరపకాయ అన్న పేరే నిలిచిపోయింది. చిన్నప్పుడు బడి లేని రోజుల్లో వచ్చి బోర్లించిన డబ్బా మీద కూర్చునేది. వచ్చిన ప్రతి బండికీ నాకంటే ముందు తీర్పు చెప్పేది. నేను నేర్పింది చాలా తక్కువ. ముందు హెడ్‌లైట్లు వెయ్యి, వెలుగు బాగుంటే బ్యాటరీకి ఒంట్లో బాగున్నట్టే. తాళం తిప్పగానే టకటకమని కొట్టుకుంటుంటే ఆకలి, బ్యాటరీ ఖాళీ. అసలు చప్పుడే లేకపోతే కబురు అందలేదని, తాళం నుంచి మోటారుకు వచ్చే సన్నవైరు ఎక్కడో ఊడిందని. ఒక్కసారి టక్కుమని ఊరుకుంటే కబురు అందింది గానీ లోపల కరెంటు దాటడం లేదని. అప్పుడు మోటారు నెత్తిన ఉండే సొలినాయిడ్ విప్పి, అందులోని రాగి బిళ్ళను చూడాలి. ఆ బిళ్ళ వచ్చి రెండు పెద్ద బోల్టులకు ఆనితేనే మోటారుకు కరెంటు.

"మోటారు గర్రుమని తిరుగుతుంది గానీ ఇంజన్ని పట్టుకోదు, అప్పుడో మామయ్యా?" అని అడిగితే, "మీ నాన్నలాగా. చప్పుడే గానీ పని లేదు" అనేవాణ్ణి. బావ ఎదురుగానే అనేవాణ్ణి. ఆయనా నవ్వేవాడు.

పోయినవాళ్ళను ఏమీ అనకూడదంటారు. నేను అంటాను. మా బావంత మొండిఘటం ఇంకొకడు లేడు. ఆసుపత్రులకూ లాడ్జీలకూ దుప్పట్లు ఉతికి ఇచ్చే పని వాళ్ళది. అక్క ఉతికిస్తుంది, బావా, పెద్దయ్యాక మిరపకాయా వ్యాన్లో చేరవేసేవాళ్ళు. ఇంటి వెనక బండి పెట్టుకునే చోటు గేటు వైపుకు వాలుగా ఉంటుంది. వ్యాన్ హ్యాండ్ బ్రేకు ఎప్పుడో సడలిపోయింది, ఒకసారి పడితే ఒకసారి పట్టదు. వేయించు బావా అంటే "వచ్చే వారం చూద్దాంలే" అనేవాడు. ఆ వచ్చే వారం ఏ వారమో ఎవరికీ తెలియదు. బ్రేకుకు బదులుగా ఒక రూలు పెట్టాడు. బండి ఆపినవాళ్ళు ఫస్ట్ గేర్లో వేసి, స్టీరింగుకు ఎర్ర గుడ్డ కట్టి దిగాలి. తర్వాత వచ్చినవాళ్ళు గేరు న్యూట్రల్‌కు తెచ్చి, గుడ్డ విప్పాకే బండిని ముట్టుకోవాలి. గుడ్డ లేకపోతే గేర్లో లేదని లెక్క. బ్రేకు బాగుచేయించడానికి బద్ధకం గానీ, ఈ రూలు తప్పితే మాత్రం ఇంట్లో అందరినీ కాల్చుకు తినేవాడు.

బావ పోవడానికి ముందు రోజు సాయంత్రం వాన. మిరపకాయ బండి తెచ్చి పెట్టింది, గేర్లో వేసింది. దారిలో అద్దానికి ఆవిరి పడితే చేతికందిన ఎర్ర గుడ్డతోనే తుడిచిందట. తడి గుడ్డ కదా అని సీటు మీద ఆరేసి దిగిపోయింది. పొద్దున్నే బావ తాళం తిప్పితే బండి పలకలేదు. ఇలాంటివి ఆయనకు కొత్త కాదు. తాళం ఆన్‌లోనే వదిలేసి, స్క్రూడ్రైవర్ పుచ్చుకుని బండి కిందికి దూరాడు. సొలినాయిడ్ మీద రెండు చోట్లకు కలిపి స్క్రూడ్రైవర్ ఆనిస్తే, తాళంతో పని లేకుండా సెల్ఫ్ తిరుగుతుంది. ఆ కిటుకు తెలియని డ్రైవరు ఉండడు. గేరు ఎక్కడుందో చూసుకోకుండా ఆ పని చేసే డ్రైవరూ ఉండడు. బావ చూసే ఉంటాడు. ఆయన అలవాటు ప్రకారం స్టీరింగు వైపు చూసి ఉంటాడు. గుడ్డ లేదు.

బండి ఆయన మీదుగా వెళ్ళి, గేటు పక్క గోడకు కొట్టుకుని ఆగింది. ఆసుపత్రికి చేరేసరికే బావ లేడు.

చుట్టాలంతా ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయాక, ఒక మధ్యాహ్నం అక్క నా దుకాణానికి వచ్చింది. వచ్చి మిరపకాయ కూర్చునే డబ్బా మీదే కూర్చుంది.

"బండి ఒకసారి చూడాలిరా."

"అమ్మేయ్ దాన్ని. దాని మొహం చూడాలని లేదు నాకు."

"బండి కోసం కాదు." అక్క కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. "అది నాతో కూడా మాట్లాడట్లేదు. ముందు కంచం పెడితే దాని వంక చూస్తూ కూర్చుంటుంది. మొన్న డాబా అంచున కాళ్ళు వేలాడేసుకుని కూర్చుంది. ఏంటే ఇక్కడ అంటే, ఊరికే అంది. ఊరికే ఎవరైనా అక్కడ కూర్చుంటారా? పడుకున్నప్పుడు దాని చున్నీ కొస నా చేతికి చుట్టుకుని పడుకుంటున్నా. లేస్తే నాకు తెలియాలి కదా."

చేతిలో ఉన్న మోటారు ఆర్మేచర్ బల్ల మీద పెట్టేశాను.

"ఏమంటుంది?"

"గుడ్డ కట్టలేదమ్మా అంటుంది. నాన్నని నేనే చంపేశానమ్మా అంటుంది. కాదే అంటే, నువ్వు తల్లివి కాబట్టి అలాగే అంటావు అంటుంది." అక్క నా వైపు సూటిగా చూసింది. "తప్పు మోటారు మీద పెట్టేయ్ రా. మోటారు చెడిపోయి ఉండబట్టే అలా జరిగిందని చెప్పు. నేను చెబితే నమ్మదు. నువ్వు చెబితే నమ్ముతుంది."

"ఆ మోటారు బాగుచేసింది ఎవరో మర్చిపోయావా?"

"మర్చిపోలేదు."

"వానలకు ముందే బావ విప్పుకొచ్చి ఇస్తే, కార్బన్లు, బుష్‌లు, బిళ్ళ, అన్నీ కొత్తవి వేసి ఇచ్చాను. ఆ మాట దానితో గొప్పగా చెప్పుకున్నాను కూడా. మోటారుది తప్పంటే ఎవరిది తప్పన్నట్టు?"

"తెలుసురా."

"తెలిసే అడుగుతున్నావా?"

"నువ్వు మోయగలవు. అది మోయలేదు."

నేను అరిచాను. ఇన్నేళ్ళలో నా చేతిపనికి ఒక్కడూ వంక పెట్టలేదని, ఉన్న రోగం చెప్పడమే గానీ లేని రోగం అంటగట్టడం నాకు చేతకాదని, నేనొక్కణ్ణే దొరికానా నీకని, నోటికొచ్చిందల్లా అన్నాను. ఎదురు దుకాణంవాడు తల బయటపెట్టి చూశాడు. అక్క అంతా విని, లేచి, "రేపు రా" అని వెళ్ళిపోయింది. మా అక్కతో వాదించి నేను గెలిచింది ఎప్పుడూ లేదు.

మర్నాడు ఛార్జి చేసిన బ్యాటరీ ఒకటి వేసుకుని వెళ్ళాను. మిరపకాయ పైగదిలో ఉందని, తలుపు వేసుకుందని అక్క చెప్పింది. వ్యాన్ గోడ దగ్గరి నుంచి వెనక్కి నెట్టి చదునుగా ఉన్న మూల పెట్టారు. బంపరు సొట్టపోయి ఉంది. ఎర్ర గుడ్డ ఇంకా సీటు మీదే ఉంది, ఎండి అట్టకట్టి. దాన్ని నేను ముట్టుకోలేదు.

బ్యాటరీ మార్చి లైట్లు వేశాను. బాగున్నాయి. తాళం తిప్పాను. చప్పుడు లేదు. నా పనిలో తప్పు దొరకాలని మనసులో దండం పెట్టుకుంటూ బండి కిందికి దూరాను. ఈ వృత్తిలో అలాంటి దండం పెట్టుకున్నవాడు ఇంకొకడు ఉండడు. దొరికింది చూసి కాసేపు అలాగే పడుకుండిపోయాను. సన్నవైరు పిన్ను ఊడి పక్కకు వేలాడుతోంది. అంతే. ఆ పిన్ను వదులుగా ఉంటోందని బావే ఒకసారి అన్నాడు. పిన్ను మార్చుకో, చిల్లర పని అన్నాను. వచ్చే వారం అన్నాడు. వేలితో నొక్కితే క్లిక్కుమని కూర్చుంది. వేలితో నొక్కితే పోయేదానికి, స్క్రూడ్రైవర్ పట్టుకుని మనిషే పోయాడు. బండి కింద పడుకుని బావను నోరారా తిట్టాను.

మోటారు దించి సొలినాయిడ్ విప్పాను. బిళ్ళ మీద బోల్టులు ఆనిన చోట సన్నటి గీతలు, అంతకు మించి మచ్చ లేదు. కార్బన్లు కొత్తవాటిలాగే ఉన్నాయి. నాకు ఏడుపొచ్చింది అప్పుడు. పాత మోటారైతే మూలుగుతూ మూలుగుతూ రెండు చుట్లు తిరిగేది, ఆలోగా బావ పక్కకు దొర్లేవాడేమో. నేను చేసిన మోటారు ఒక్క తిప్పుకే ఇంజన్ని అందించింది. తప్పు లేదు, లోపం లేదు. అంత బాగా పని చేసింది.

బిళ్ళ తీసి చొక్కా జేబులో వేసుకున్నాను. దుకాణానికి తిరిగి వెళ్ళి, బల్ల కింద తుక్కు డబ్బా కుమ్మరించి వెతికాను. ఇదే రకం బండిది ఒకటి దొరికింది. నల్లగా మాడి, బోల్టులకు అతుక్కుని ఊడినప్పుడు అంచున రాగి చిరిగిపోయిన బిళ్ళ. దాన్ని తెచ్చి నా మోటారులో పెట్టి బిగించాను. లోపలి బోల్టుల మొహాలకు కాస్త మసి పూశాను. మంచి మోటారును చేతులారా చెడగొట్టడం ఎంత సులభమో అప్పుడు తెలిసింది. మోటారు బండికి ఎక్కించి, మెట్ల కింద నిలబడి పిలిచాను.

"ఒసేయ్ మిరపకాయా, కిందికి రా. నాకు అంతుపట్టట్లేదు."

ఇంకాస్త గొంతు పెంచాను.

"ముసలాడి చెవులు పోయాయి అనుకో. వచ్చి విని పో."

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. అది మెట్లు దిగుతుంటే చూసి మొహం పక్కకు తిప్పుకున్నాను. చెంపలు లోపలికి పోయాయి. జుట్టు దువ్వుకుని ఎన్నాళ్ళయిందో. బండికి దూరంగా ఆగిపోయింది.

"నేను దాన్ని ముట్టుకోను మామయ్యా."

"ముట్టుకోవద్దు. విను." తాళం తిప్పాను. టక్. మళ్ళీ తిప్పాను. టక్.

ఆ చప్పుడు విని ఊరుకోవడం దానివల్ల కాదని నాకు తెలుసు. నేను పెంచిన చెవి అది.

"లైట్లు వెయ్యి" అంది చివరికి. వేశాను. "బాగానే ఉన్నాయి. బ్యాటరీ కాదు." రెండడుగులు దగ్గరికొచ్చింది. "కబురు అందుతోంది. లోపల దాటట్లేదు. పెద్ద బోల్టులు రెండూ కలిపి చూశావా?"

"గేరు చూసుకో ముందు" అన్నాను, అలవాటుగా. అన్నాక నాలుక కరుచుకున్నాను. దాని మొహం పాలిపోయింది. అయినా వెళ్ళింది. గేరు కర్ర పట్టుకుని అటూ ఇటూ ఊపి చూసింది, ఒకసారి కాదు, చాలాసార్లు. తర్వాత నా చేతిలోంచి స్క్రూడ్రైవర్ తీసుకుంది. చక్రాలకు నాలుగు వైపులా రాళ్ళు పెట్టి నేనూ దాంతో పాటు కింద పడుకున్నాను. బోల్టులు కలపగానే మోటారు గిర్రున తిరిగింది.

"మోటారు బాగుంది. బిళ్ళ పోయింది" అంది. గొంతు పాత గొంతులా ఉంది ఆ ఒక్క క్షణం.

సొలినాయిడ్ మూత అదే విప్పింది. బిళ్ళ అరచేతిలో వేసుకుని వెలుతురు వైపు పెట్టింది. అక్క మెట్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

నేను తయారుచేసుకున్న మాటలు చెప్పాను. "అంచున చిరిగిన రాగి చూశావా? ఇది బోల్టులకు అతుక్కుపోయింది. మీ నాన్న స్క్రూడ్రైవర్ తీసేసినా మోటారు ఆగలేదు. తిరుగుతూనే ఉంది. గోడకు తగిలిన అదురుకు ఊడింది."

"అతుక్కోకపోతే?"

"ఒక్క కుదుపు కుదిపి, ఇంజన్ అందుకోకముందే ఆగేది."

"గేర్లో ఉన్నా?"

"గేర్లో ఉన్నా. జానెడు కదిలి ఆగేది. ఆయన బయటికొచ్చి గుడ్డ కట్టలేదని నిన్ను నాలుగు తిట్టేవాడు. అంతే."

అది బిళ్ళను తిప్పి తిప్పి చూస్తోంది. అంతా అయిపోయిందనుకున్నాను. అప్పుడు అడిగింది.

"ఇది కొత్తది కాదు మామయ్యా. అంచు చుట్టూ ఆకురాయితో రాకిన గీతలున్నాయి. కొత్తది వేశానన్నావు కదా."

దీనికి నేను తయారుగా లేను. వస్తువు నాసిరకం అనుకుంటుందిలే, నా చేతిపని ఏదో తేడా వచ్చిందనుకుంటుందిలే అనుకున్నాను గానీ, ఇంత దూరం ఆలోచించలేదు. తుక్కు డబ్బాలోది ఎవడో రాకిన బిళ్ళ. నేర్పింది నేనే, దాని కన్ను అంత సూదిలా తయారైనందుకు మురిసిపోయిందీ నేనే. జేబులో అసలు బిళ్ళ ఛాతీకి ఒత్తుకుంటోంది. తీసి దాని చేతిలో పెడితే నా పరువు నాకు వచ్చేస్తుంది. అది మళ్ళీ పైగదికి వెళ్ళిపోతుంది. అక్క అక్కడి నుంచే నన్ను చూస్తోంది.

"కొత్తది దొరకలేదు" అన్నాను. "పాతదాన్నే రాకి, మసి పోగొట్టి వేసేశాను. ఇంటి బండే కదా, తర్వాత మార్చొచ్చులే అనుకున్నాను."

"మరి కొత్తది అని ఎందుకు చెప్పావు?"

"చెప్పాను. అంతే."

అది లేచి కూర్చుంది. నన్ను అలా ఎప్పుడూ చూడలేదు. చిన్నప్పుడు నేను కసిరినప్పుడు కూడా.

"కొత్త మోటారే కొనేద్దాం నాన్నా అన్నాను నేను. మీ మామయ్య చెయ్యి పడితే కొత్తదానికంటే నయం అన్నాడు నాన్న."

నేను తల దించుకున్నాను. ఏ మాట అన్నా పడని మనిషిని, ఆ మాట పడ్డాను.

"కొత్త బిళ్ళ నేనే తెచ్చుకుంటాను, నేనే బిగించుకుంటాను" అంది. "ఇంకెప్పుడూ మా బండి మీద చెయ్యి వేయకు. మా ఇంటికీ రాకు."

చివర మామయ్యా అనలేదు. మాడిన బిళ్ళను గుప్పిట్లో పట్టుకుని కుళాయి దగ్గరికి వెళ్ళింది. సబ్బు పెట్టి చేతులు చాలాసేపు రుద్దుకుంది. తర్వాత లోపలికి వెళ్తూ మెట్ల దగ్గర ఆగింది.

"అమ్మా, ఆకలేస్తోంది."

అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుని దాని వెనకే లోపలికి పరుగెత్తింది. నేను పానాలు సంచీలో వేసుకోబోయి వదిలేశాను. చక్రానికి ఆనుకుని కూర్చుని ఏడ్చాను. లోపల గిన్నెల చప్పుడు, కంచం పెట్టిన చప్పుడు వినిపించాయి. సంతోషంతో ఏడ్చానో దుఃఖంతో ఏడ్చానో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

తర్వాత సంగతులు అక్క ఫోన్‌లో చెబుతుంది, మిరపకాయ ఇంట్లో లేనప్పుడు చూసి. తింటోందిరా అంటుంది. ఇవాళ నవ్విందిరా అంటుంది. మొట్టమొదట హ్యాండ్ బ్రేకు బాగుచేయించిందట, సన్నవైరు పిన్ను కూడా మార్చిందట. వచ్చే వారం అనే మాట ఆ ఇంట్లో ఎవరూ అనకూడదని కొత్త రూలు పెట్టిందట. నీకు అన్యాయం చేశాన్రా అని ఒకసారి అక్క ఏడవబోతే, ఫోన్ పెట్టేయ్ అని కసిరాను. నా కోపం కొంచెం ఇంకా మిగిలే ఉంది.

నా దగ్గరికి వచ్చే వ్యాన్లు తగ్గాయి. కొత్తదని చెప్పి పాతది వేస్తాడు, సొంత బావనే పొట్టన పెట్టుకున్నాడు అని డ్రైవర్ల మధ్య పాకింది. ఎవరు చెప్పారో నాకు తెలుసు. వేరే ఎవరైనా ఆ మాట అని ఉంటే వాళ్ళ ఇంటి ముందుకెళ్ళి రభస చేసేవాణ్ణి. మిరపకాయ చెప్పిందంటే దానికి మళ్ళీ గొంతు వచ్చిందన్నమాట అనుకుంటాను.

నిన్న పొద్దున వ్యాన్ మా వీధిలోకి వచ్చింది. ఎదురుగా ఉన్న స్పేర్ పార్టుల దుకాణం ముందు ఆపింది మిరపకాయ. మా వీధి కూడా కాస్త వాలే. బ్రేకు లాగిన చప్పుడు వినిపించింది. అయినా గేర్లో వేసింది, స్టీరింగుకు ఎర్ర గుడ్డ కట్టింది, ముడి గట్టిగా ఉందో లేదో లాగి చూసుకుని మరీ దిగింది. జుట్టు నున్నగా దువ్వుకుంది. ఒళ్ళు చేసింది. నా దుకాణం వైపు చూడలేదు. నేను మాత్రం చేతిలో పని వదిలేసి చూస్తూనే ఉన్నాను.

సామాను తీసుకుని వచ్చి ఎక్కింది. గేరు ఊపి చూసుకుని, గుడ్డ విప్పింది. నాకు తెలియకుండానే చెవి అటు తిరిగింది. తాళం తిప్పింది. ఒక్క తిప్పుకే ఇంజన్ అందుకుంది, ఎక్కడా గరుకు లేదు, తడబాటు లేదు. బిళ్ళ ఒక్కటే అది వేసుకున్నది, మిగతాదంతా నేను చేసినదే. వ్యాన్ మలుపు తిరిగే దాకా విన్నాను. తర్వాత జేబులో చెయ్యి పెట్టి, మచ్చ లేని నా బిళ్ళను తడుముకుని, లోపలికి వెళ్ళి పని చేసుకున్నాను.